మూడు గొంతుల పుస్తకం, పన్నెండు మెట్ల కిన్నెర

ఎన్. స్కాట్ మొమడే రాసిన 'ద వే టు రెయినీ మౌంటెన్' వంద పేజీలకు అటూ ఇటూగా ఉండే పుస్తకం. 1969లో వచ్చింది. అదే ఏడాది అతని నవల 'హౌస్ మేడ్ ఆఫ్ డాన్'కి పులిట్జర్ వచ్చింది కాబట్టి, మొమడే పేరెత్తగానే అందరూ ఆ నవల గురించే మాట్లాడతారు. నా ఓటు మాత్రం ఈ చిన్న పుస్తకానికే. అమెరికన్ ఆదివాసీ సాహిత్యం మీద ఆసక్తి ఒక కారణం. నేను కల్వకుర్తివాణ్ణి కావడం అంతకంటే పెద్ద కారణం. ఆ రెండోది అర్థం కావాలంటే ముందు పుస్తకం గురించి కొంచెం చెప్పాలి.

కయోవాలు ఉత్తర అమెరికాలో ఒక చిన్న తెగ. ఎల్లోస్టోన్ నది పుట్టే కొండల దిక్కు నుంచి బయల్దేరి, తరాల తరబడి నడిచి, దక్షిణాన ఓక్లహోమా మైదానాలకు చేరారు. దారిలో గుర్రాలు దొరికాయి. క్రో తెగవాళ్ళ ద్వారా 'తాయ్-మే' అనే పవిత్రమైన బొమ్మ, దానితో పాటు సూర్యనృత్యం అనే పెద్ద కొలువు వచ్చాయి. అడవిదున్నల వెంట తిరిగే మైదానపు యోధులయ్యారు. సుమారు నూరేళ్ళు ఆ వైభవం నడిచింది. తర్వాత అమెరికా సైన్యం వచ్చింది, దున్నల ఊచకోత జరిగింది. 1887లో చివరి సూర్యనృత్యం. దానికి కావలసిన దున్న దొరక్క, పెద్దమనుషులు టెక్సాస్ పోయి ఒక ఆసామి మంద దగ్గర బతిమాలి తెచ్చుకున్నారు. 1890లో మళ్ళీ కూడారు. ఈసారి అదీ లేదు. పాత తోలొకటి చెట్టుకు వేలాడదీశారు. ఆట మొదలుకాకముందే ఫోర్ట్ సిల్ నుంచి సైనికులొచ్చి చెదరగొట్టారు. మొమడే నాయనమ్మ ఆహో అప్పటికి పదేళ్ళ పిల్ల. ఆమె అక్కడే ఉంది. ఆమె పోయాక, సమాధి చూడ్డానికి మొమడే తన తెగ నడిచిన దారి పట్టుకుని పదిహేను వందల మైళ్ళు ప్రయాణం చేసి, రెయినీ మౌంటెన్ అనే గుట్ట దగ్గరికి చేరతాడు.

అలాగని ఇది యాత్రాకథనం కాదు. ఇరవై నాలుగు చిన్న అధ్యాయాలు. ఒక్కో అధ్యాయానికి మూడు గొంతులు. మొదటిది తెగ చెప్పుకున్న కథ. రెండోది చరిత్ర, మానవశాస్త్రం. పొడిపొడిగా, రికార్డులా ఉంటుంది. మూడోది మొమడే సొంత జ్ఞాపకం. మధ్యమధ్యన వాళ్ళ నాన్న ఆల్ మొమడే వేసిన నలుపు తెలుపు బొమ్మలు. మూడు గొంతులూ ఒకదానికొకటి సంజాయిషీ ఇచ్చుకోవు. పక్కపక్కన నిలబడతాయి, అంతే. కలిపి చదువుకునే పని మనది.

మొదటిసారి చదివినప్పుడు ఇదంతా అందమైన ఏర్పాటు అనుకుని పక్కన పెట్టాను. తర్వాత మా జిల్లా కిన్నెర గురించి ఆలోచిస్తూ మళ్ళీ తీశాను. అప్పుడు ఆ ఏర్పాటు అందం కోసం చేసింది కాదనిపించింది. ఒక సంప్రదాయాన్ని కాపాడతామని బయల్దేరేవాళ్ళు చేసే పొరపాటు ఒకటి ఉంది. దాన్నుంచి తప్పించుకునే దారి అది.

*

కయోవా కథల్లో ముందుగా పట్టుకునేది వాటి ప్రతీకలు. వయోమింగ్‌లో డెవిల్స్ టవర్ అని నిట్టనిలువు రాతి స్తంభం ఒకటుంది. దాని ఒంటి నిండా పైనుంచి కింది దాకా గీరిన చారల్లాంటివి ఉంటాయి. కయోవాల కథ ప్రకారం అక్కడ ఏడుగురు అక్కచెల్లెళ్ళు, వాళ్ళ అన్నదమ్ముడు ఒకడు ఆడుకుంటున్నారు. ఉన్నట్టుండి ఆ పిల్లాడికి మాట పడిపోయింది. ఒళ్ళంతా జుట్టు వచ్చింది, ఎలుగుబంటి అయిపోయాడు. అమ్మాయిలు పరుగెత్తారు. ఒక చెట్టు మొద్దు వాళ్ళని పిలిచి ఎక్కమంది. ఎక్కగానే ఆకాశానికి పెరిగింది. ఎలుగు కోపంతో బెరడంతా గోళ్ళతో గీరింది. ఆ ఏడుగురూ చుక్కలైపోయారు. మనం సప్తర్షి మండలం అంటామే, ఆ చుక్కలు. మా నాయనమ్మ వాటిని మంచం అనేది. నాలుగు చుక్కలు కోళ్ళు, వెనకాల మూడు చుక్కలు ఆ మంచం ఎత్తుకుపోతున్న దొంగలు. అవే ఏడు చుక్కలు ఒకరికి ఋషులు, ఒకరికి మంచమూ దొంగలూ, ఒకరికి తోబుట్టువులు.

ఈ ప్రతీకలు ఏం పని చేస్తాయి? "దీని వెనక లోతైన అర్థముంది" అని మనం సాధారణంగా వదిలేస్తాం. నాకు కనిపించింది ఇంకా మామూలు సంగతి. రాసుకోవడం లేనిచోట కథను ఎక్కడో ఒకచోట కట్టెయ్యాలి. కయోవాలు దాన్ని రాయికీ చుక్కలకీ కట్టారు. ఆ దారిన పోయే ప్రతి తరానికీ రాయి కనబడుతుంది. కనబడగానే ఎవరో ఒకరు కథ ఎత్తుకోవలసి వస్తుంది.

వాళ్ళ క్యాలెండర్లు ఇదే పనిని ఇంకా పద్ధతిగా చేశాయి. ఏడాదికి రెండు బొమ్మలు, చలికాలానికొకటి, ఎండాకాలానికొకటి. ఆ కాలాన్ని గుర్తు పెట్టుకోవడానికి ఒక్క సంఘటన. చలికాలం అయితే నల్లటి నిలువు గీత, ఎండాకాలం అయితే సూర్యనృత్యపు గుడిసె. 1833 నవంబరులో ఉల్కల వాన కురిసింది. ఆ చలికాలం కయోవాలకు చుక్కలు రాలిన చలికాలం. సెట్టన్ అనే ఆయన గీసిన క్యాలెండర్ అక్కడి నుంచే మొదలై 1892 దాకా సాగుతుంది. జేమ్స్ మూనీ అనే ప్రభుత్వ పరిశోధకుడు ఇలాంటివి సేకరించి, ఒక్కో బొమ్మకు అర్థం అడిగి రాసుకుని, 1898లో అచ్చు వేశాడు. ఇక్కడ ఒకటి గమనించాలి. బొమ్మలో ఉన్నది సమాచారం కాదు, తాళం చెవి. అది చూసి కథ చెప్పే మనిషి పక్కన లేకపోతే, ఆ నల్లగీత మీద ఏముందో మీకూ నాకూ అర్థం కాదు.

ఇది మనకు కొత్త విషయమేం కాదు. తెలంగాణలో కులపురాణాలు చెప్పేవాళ్ళు పటం పరుచుకుని చెబుతారు. ఈ రోజు చేర్యాల బొమ్మలంటూ డ్రాయింగ్ రూముల్లో వేలాడదీసుకుంటున్నవి ఆ పటాల నుంచి వచ్చినవే. పద్మశాలీలకు కూనపులివాళ్ళు మార్కండేయ పురాణం చెబుతారు, ముదిరాజులకు కాకిపడగలవాళ్ళు చెబుతారు. గజాల కొద్దీ పొడుగుండే ఆ పటం విప్పుతుంటే ఒక్కో గడిలోంచి కథ నడుస్తుంది. అలాంటి పటాన్ని ముక్కలు చేసి ఫ్రేము కడితే రంగులు మిగులుతాయి. కథ ఎత్తుకోవలసిన మనిషి మిగలడు.

*

ఇక కిన్నెర సంగతికొద్దాం.

కిన్నెర అంటే పొడుగాటి వెదురు, దాని కింద గుమ్మడిలాంటి ఎండిన ఆనపకాయ బుర్రలు, వెదురు మీద మెట్లు, వాటి మీదుగా తీగ. మెట్లను తేనెమైనంతో అతికిస్తారు. పాతకాలంలో అలుగు పెంకులతో మెట్లు చేసేవారని, తీగలకు నరాలూ వెంట్రుకలూ వాడేవారని చెబుతారు. నెమలీకలు కడతారు. కొసన చెక్కతో చేసిన పిట్ట ఉంటుంది. వాయిస్తుంటే అది తలాడిస్తుంది. మొగులయ్య వాయించేది పన్నెండు మెట్ల కిన్నెర. నల్లమల చెంచుల దగ్గర ఇంతకంటే చిన్న కిన్నెరలుంటాయి. వాద్యం పాతదనడానికి సాక్ష్యం కావాలంటే, పాల్కురికి సోమనాథుడి బసవపురాణంలోనే కిన్నర బ్రహ్మయ్య అనే శరణుడు ఉన్నాడు, కిన్నెర వాయించే భక్తుడు.

దర్శనం మొగులయ్యది నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంట. మా కల్వకుర్తి కూడా అదే జిల్లా. పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి పోయి రావచ్చు. అయినా కిన్నెర శబ్దం నేను మొదటిసారి విన్నది హైదరాబాద్‌లో, ఆఫీసు క్యాబ్‌లో, ఫోన్‌లో. 2021లో 'భీమ్లా నాయక్' సినిమా పాట బయటికొచ్చినప్పుడు. నా వయసు వాళ్ళు చాలామందికి అంతేనని తర్వాత తెలిసింది. 2022లో ఆయనకు పద్మశ్రీ ప్రకటించారు. రెండేళ్ళు దాటాక కూలి పనికి పోతున్న ఫొటోలు పత్రికల్లో వచ్చాయి. ఈ రెండు వార్తల మధ్య మనందరం కొంచెం గర్వపడి, కొంచెం బాధపడి, షేర్ చేసి ఊరుకున్నాం.

మొగులయ్య పాడే పాటల్లో బాగా పేరున్నది పండుగ సాయన్న కథ. నిజాం కాలపు పాలమూరు మనిషి. ఉన్నవాళ్ళ దగ్గర దోచి లేనివాళ్ళకు పంచాడని, చివరికి దొరలూ సర్కారూ కలిసి చంపారని పాట చెబుతుంది. మియాసాబు కథ ఇంకొకటి. ఇలాంటి పాటలు పాలమూరు నేల మీద చాలా ఏళ్ళు తిరిగాయి. సినిమాలో అదే కిన్నెర, అదే గొంతు ఒక కథానాయకుడి పుట్టుపూర్వోత్తరాలు చెబుతాయి. ఆ కథానాయకుడు సబ్ ఇన్‌స్పెక్టర్. సర్కారుకు ఎదురు తిరిగినవాణ్ణి మోసిన పాటరూపం ఇప్పుడు ఖాకీ చొక్కాను మోస్తోంది. పాడినాయన్ని తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. ఆయన తన పని తాను అద్భుతంగా చేశాడు. శబ్దాన్ని మాత్రమే ఎత్తుకొస్తే ఏమవుతుందో చూపించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. ఆ పాట లక్షల మందికి చేరింది. దానితో పాటు సాయన్న చేరలేదు.

*

కిన్నెరకు సాయన్న కంటే పాత కథ ఒకటుంది, జాంబపురాణం. దాన్ని చెప్పేది డక్కలివాళ్ళు, వినేది మాదిగలు. మాదిగలకు చిందు, బైండ్ల, మాస్టి, నులకచందయ్య లాంటి ఆశ్రిత కులాలు కొన్ని ఉన్నాయి, డక్కలి వాటిలో ఒకటి. వాళ్ళు మాదిగవాడల్లో మాత్రమే కథ చెప్పాలి, అక్కడే అడుక్కోవాలి. దానికి మిరాశి ఉంటుంది. ఫలానా ఊళ్ళు ఫలానా కుటుంబానివి. అంటే ఇచ్చేది బిచ్చంలా కనిపించినా, లెక్క ప్రకారం అది హక్కు.

ఆ పురాణంలో జాంబవుడు లోకం పుట్టకముందే పుట్టినవాడు. భూమి లేదు, ఆకాశం లేదు, ఆయన ఉన్నాడు. దేవుళ్ళు కూడా ఆయన ముందు చిన్నవాళ్ళే. తర్వాత ఆవు కథ వస్తుంది. ఆవు మాంసం వల్ల ఆ పెద్దవాడు కింద పడ్డాడని, వంశం అంటరానిదయిందని చెబుతుంది. చెప్పేవాళ్ళను బట్టి వివరాలు మారతాయి, సారం ఇది. ఊరు ఎవరిని అందరికంటే చివర నిలబెట్టిందో, వాళ్ళనే ఈ కథ అందరికంటే మొదట నిలబెడుతుంది. ఒక రాత్రంతా కూర్చుని ఇది విన్న వాడకు తెల్లారి ఊరి బావి దగ్గర జరిగే అవమానం వేరేగా కనిపించి ఉంటుందని నేననుకుంటాను. సాహిత్యం చెయ్యగలిగిన పనుల్లో ఇది పెద్దది.

ఇక్కడిదాకా మొదటి గొంతు. చాలామంది ఇక్కడే ఆగిపోయి "ఎంత గొప్ప సంప్రదాయం, కాపాడుకోవాలి" అంటారు.

*

మళ్ళీ మొమడే దగ్గరికి వెళ్దాం, పదిహేడో అధ్యాయానికి. నా దృష్టిలో ఈ పుస్తకం గుండెకాయ అదే.

మొదటి గొంతు ఒక కథ చెబుతుంది. దూకుడుగా ఉండే ఒక కుర్రాడు గాలిదుమారంలో చూపు పోగొట్టుకుంటాడు. తెగ అతనికి భార్యాబిడ్డలను అప్పగించి ముందుకు సాగిపోతుంది. ఆకలి. గుడ్డివాడు బాణం వేస్తాడు, దున్నకు తగులుతుంది. భార్య తగల్లేదని అబద్ధం చెప్పి, మాంసం తీసుకుని, బిడ్డతో వెళ్ళిపోతుంది. వాడు గడ్డి తిని బతుకుతాడు. తర్వాత కయోవాల గుంపు అతన్ని కనుక్కుంటుంది. శిబిరంలో ఆ భార్య, మొగుణ్ణి శత్రువులు చంపారని కథ చెప్పుకుంటూ దొరికిపోతుంది. తెల్లారి ఆమెను వెలివేస్తారు. కథ నీతి తేటగా ఉంది, చెడ్డ ఆడదానికి తగిన శాస్తి.

వెంటనే రెండో గొంతు. కయోవా క్యాలెండర్లే సాక్ష్యం, ఆడవాళ్ళ బతుకులు కష్టంగా ఉండేవి, మంచివాళ్ళవైనా చెడ్డవాళ్ళవైనా. వాళ్ళకంటే కింద ఉన్నది బందీలు మాత్రమే. ఫలానా ఏడాది సూర్యనృత్యంలో ఒకడు భార్యను పొడిచాడు, ఇలాంటి నమోదులు. వ్యాఖ్యానం ఏమీ లేదు. అయినా ఇది చదివాక పై కథలోని భార్య మనకు మునుపటిలా కనబడదు. ఆ అబద్ధం వెనక ఆకలి ఉందా, భయం ఉందా అని కథ అడగని ప్రశ్న మనం అడగడం మొదలుపెడతాం.

మూడో గొంతు. మొమడే పూర్వీకుల్లో కావ్-ఔ-ఓయింటీ అని ఒకామె ఉంది. మెక్సికో నుంచి ఎనిమిది పదేళ్ళ వయసులో ఎత్తుకొచ్చిన బందీ. అంటే తెగలో అందరికంటే కింద. ఆమె కయోవా ఆడది ఉండవలసిన పద్ధతిలో ఉండనంది. పశువుల మందకు సొంతదారైంది. మగవాళ్ళతో సమానంగా గుర్రమెక్కింది. మొమడే ఆమెను చూడలేదు, సమాధి దగ్గరికి వెళ్ళాడు.

ఈ మూడూ ఒకే చోట పెట్టడానికి ధైర్యం కావాలి. తెగ కథను అతను దిద్దలేదు. ఈ కాలానికి తగినట్టు భార్యను మంచిదాన్ని చెయ్యలేదు. కథను ఉన్నదున్నట్టు ఉంచి, దాని పక్కన రికార్డును పెట్టాడు. దాని పక్కన తన రక్తంలో ఉన్న ఒక బందీని పెట్టాడు. తన తెగను ప్రేమిస్తూనే, ఆ తెగ ఎవరిని కింద పెట్టిందో చెప్పగలిగాడు. పూజకూ పోస్టుమార్టానికీ మధ్య ఇలాంటి చోటు ఒకటి ఉందని నాకు ఈ అధ్యాయమే చూపించింది.

*

ఇప్పుడు జాంబపురాణానికి రెండో గొంతు పెట్టి చూద్దాం. మాదిగల పెద్దరికాన్ని పాడే డక్కలివాళ్ళను మాదిగలు తమకంటే కిందివాళ్ళుగా చూశారు. అంటరానివాళ్ళకు అంటరానివాళ్ళు. వాడ బయట గుడారం, వాడ ఇచ్చిందే తిండి. షెడ్యూల్డ్ కులాల జాబితాలో వాళ్ళ పేరు 'డక్కల్, డొక్కల్వార్' అని ఉంటుంది. 2025లో తెలంగాణలో అమల్లోకి వచ్చిన ఎస్సీ వర్గీకరణలో వాళ్ళు మొదటి గ్రూపు, అత్యంత వెనకబడ్డ పదిహేను కులాలు, ఒక్క శాతం. మాదిగలు రెండో గ్రూపు. లోకంలో అందరికంటే పెద్దవాడి కథను మోసుకొచ్చిన మనుషులు సర్కారు లెక్కలో అందరికంటే వెనక తేలారు. జాంబపురాణాన్ని తలకెత్తుకునే ఏ వ్యాసమైనా ఈ పద్దు పక్కన పెట్టకపోతే సగమే చెప్పినట్టు.

నా ఉద్యోగంలోంచి ఒక మాట తెస్తాను. మా దగ్గర బ్యాకప్‌ల గురించి ఒక నియమం ఉంది. రిస్టోర్ చేసి చూడని బ్యాకప్‌ను బ్యాకప్ అనుకోకూడదు. ఫైలు సర్వర్‌లో భద్రంగానే ఉంటుంది. అవసరమొచ్చినప్పుడు తెరిస్తే నడవదు, ఎందుకంటే అది నడిచిన వాతావరణం ఇప్పుడు లేదు. సంస్కృతి పరిరక్షణ పేరుతో మనం చేస్తున్నది ఎక్కువగా బ్యాకప్పే. వీడియో తీస్తాం, యూట్యూబ్‌లో పెడతాం, వాద్యాన్ని అద్దాల పెట్టెలో ఉంచుతాం. ఇవి వద్దనడం లేదు. జయధీర్ తిరుమలరావు లాంటివాళ్ళు ఏళ్ళ తరబడి ఊళ్ళు తిరిగి వాద్యాలూ పటాలూ సేకరించకపోతే ఈ వ్యాసం రాయడానికి నాకు మాటలు కూడా ఉండేవి కావు. అంతకుముందు బిరుదురాజు రామరాజు జానపద గేయాలను విశ్వవిద్యాలయం గడప దాటించకపోతే ఈ చర్చే ఉండేది కాదు. నా ప్రశ్న ఆ తర్వాతి మెట్టు గురించి.

జాంబపురాణం నడిచిన వాతావరణం ఏది? డక్కలి కుటుంబం ఊరూరా తిరగడం, వాడ వాళ్ళకు తిండి పెట్టడం, మిరాశి, వాడ బయటి గుడారం. అంటే కులం. పాట బతకడానికి కారణమైన ఏర్పాటే పాడేవాణ్ణి కింద తొక్కిన ఏర్పాటు కూడా. దాన్ని రిస్టోర్ చెయ్యాలని ఎవరు కోరుకుంటారు? డక్కలి ఇంట పుట్టిన ఒక అమ్మాయి కిన్నెర ముట్టనని, నర్సింగ్ చదువుకుంటానని అంటే, "అయ్యో కళ అంతరించిపోతోంది" అనే హక్కు కల్వకుర్తి నడిబొడ్డున పెరిగి ఇంజనీరింగ్ చదివిన నాకు లేదు. మన సభల్లో ఈ చిక్కుముడిని ఎవరూ ముట్టుకోరు. "ఆదరణ కరువైంది" అనే మాటతో దాటేస్తారు. ఆదరణ అంటే ఏమిటి, ఎవరు ఎవర్ని ఆదరించారు, ఏ ధరకు అని అడగరు.

వస్తువుల్లో కూడా ఇదే చిక్కు. అలుగు 1972 వన్యప్రాణి చట్టం కింద గట్టి రక్షణ ఉన్న జంతువు. దాని పెంకులతో మెట్లు చెయ్యడం ఈ రోజు నేరం, అది నేరంగా ఉండటమే మంచిది. నరాల చోట ఉక్కు తీగ వచ్చింది. కాబట్టి 'అచ్చమైన పాత కిన్నెర' కావాలనేవాళ్ళు అడుగుతున్నది ఒక్క వాద్యాన్ని కాదు. దాని వెనకున్న అడవినీ, ఆ అడవి మీద అప్పుడు చెల్లిన నియమాలనూ అడుగుతున్నారు. అవి తిరిగి రావు. అయినా ఉక్కు తీగ మీద పిట్ట తలాడిస్తూనే ఉంది. ఏది మారితే కిన్నెర కిన్నెర కాకుండా పోతుందన్నది మ్యూజియం తేల్చే విషయం కాదు, వాయించేవాళ్ళు తేల్చుకోవాలి.

*

మొమడే దగ్గర కూడా నాకు పేచీ ఉంది. పుస్తకం మొత్తం ఒక సంజవెలుగులో తడిసి ఉంటుంది. అయిపోయింది, ఆహోతో ముగిసింది, ఇక మిగిలింది జ్ఞాపకం అన్నట్టు. కానీ కయోవాలు అయిపోలేదు. పుస్తకం రావడానికి పన్నెండేళ్ళ ముందే, 1957లో, గోర్డ్ డాన్స్‌ను వాళ్ళు మళ్ళీ నిలబెట్టుకున్నారు. మరుసటి ఏడాది నల్ల మేజోళ్ళ యోధుల సంఘం తిరిగి మొదలైంది, రెండో ప్రపంచ యుద్ధం నుంచి, కొరియా నుంచి తిరిగొచ్చిన సైనికులతో. పాత యోధుల పాటకు కొత్త కారణం దొరికింది. నిన్నటి వాతావరణం పోయినా పాట ఇంకో వాతావరణంలో నడవగలదని చూపించిన ఈ సంగతి పుస్తకంలో కనిపించదు. ఎలిజీ రాసేవాడికి బతికున్నవాళ్ళు కొంచెం అడ్డం.

భాష సంగతి ఇంకొకటి. మొమడేకు కయోవా భాష ధారాళంగా రాదు. కథలను వాళ్ళ నాన్న ఇంగ్లీషులోకి మార్చి చెబితే రాసుకున్నాడు. కొందరు దీన్ని లోపమంటారు. నాకు మాత్రం మూడో గొంతు పుట్టింది ఆ లోటులోంచే అనిపిస్తుంది. భాష పూర్తిగా వచ్చినవాడికి 'నేను ఇక్కడ నిలబడి వింటున్నాను' అని వేరుగా చెప్పుకోవలసిన పని ఉండదు. ఎనిమిదో అధ్యాయంలో, చెడు కనిపించినప్పుడు ఆహో ఒక కయోవా మాట అనేదని రాస్తాడు. ఆ మాటకు భయంకరం అని అర్థం. అర్థం కంటే, ఆ మాట అనేటప్పుడు ఆమె ముఖం, నాలుక చప్పుడు అతనికి గుర్తున్నాయి. వారసుడికి మిగిలేది ఎంతో అంతే రాశాడు. అంతకంటే ఎక్కువ ఉన్నట్టు నటించలేదు.

మనకు ఇలాంటి పుస్తకం కావాలి. మన జానపద అధ్యయనాల్లో మొదటి గొంతు దండిగా ఉంది, కథలూ పాటలూ అచ్చులో ఉన్నాయి. రెండో గొంతు కూడా ఉంది. కయోవాలకు మూనీ ఎలాగో, మా జిల్లా అమ్రాబాద్ చెంచులకు హైమెండార్ఫ్ అలాగ. 1943లో వచ్చిన ఆయన పుస్తకం ఇప్పటికీ పనికొస్తుంది. లేనిది మూడోది. సేకరించినవాళ్ళు ముందుమాటలో కృతజ్ఞతలు చెప్పి మాయమైపోతారు. ఎవరి ఇంట్లో నిలబడి విన్నారు, లోపలికి పిలిచారా, వాళ్ళు పెట్టింది తిన్నారా, ఆ పాట విన్నాక తమ సొంత కులం గురించి ఏమనిపించింది, ఇవేవీ పుస్తకంలోకి రావు. వస్తే పాట ఇంకోలా వినిపిస్తుందని నా నమ్మకం.

ఆ మూడో గొంతు అన్నిటికంటే ముందు డక్కలి ఇళ్ళలోంచి రావాలి. కిన్నెర పట్టినవాళ్ళ నుంచే కాదు, పట్టనన్నవాళ్ళ నుంచి కూడా. ఆ నర్సింగ్ చదివే అమ్మాయి రాసే పేరా కోసం నేను ఎదురు చూస్తాను. మాదిగవాడలో పురాణం విన్నవాళ్ళది ఇంకో పేరా. ఊరి నడుమ పెరిగి, పక్క మండలంలో ఉన్న వాద్యాన్ని సినిమా పాటలో మొదటిసారి విన్నవాళ్ళది కూడా ఒకటుండాలి. చివరిదిగానే ఉండనీ.

పదమూడో అధ్యాయంలో బాణాలు చేసేవాడి కథ ఉంది. మొమడే జీవితాంతం ఆ కథ దగ్గరికే మళ్ళీ మళ్ళీ వెళ్ళాడు. రాత్రి గుడారంలో భార్యాభర్తలున్నారు. అతను బాణం కర్రలను పళ్ళతో సరిచేస్తున్నాడు. తోలు కుట్టు సందులోంచి బయట ఎవరో నిలబడి ఉండటం కనబడుతుంది. భార్యతో మామూలుగా మాట్లాడుతున్నట్టే మాట్లాడుతూ, బాణం సరిచూస్తున్నట్టు అటూ ఇటూ గురిపెడుతూ, "నువ్వు కయోవావైతే నా మాట నీకు అర్థమవుతుంది, నీ పేరు చెప్పు" అనే అర్థం వచ్చేలా అంటాడు. బయటివాడు పలకడు. బాణం వాడి గుండెలో దిగుతుంది. మొమడే దీన్ని మాట బలం గురించిన కథగా చదువుతాడు. మాటే అతని ప్రాణం కాపాడిందని.

మా జిల్లా నుంచి చదివితే నా చూపు ముందు బయట నిలబడినవాడి మీదికి పోతుంది. ఇక్కడ వాడ బయట గుడారం వేసుకున్న మనిషి పలకకుండా ఏమీ లేడు. తరాలుగా తన పేరూ, తన వాళ్ళ పేర్లూ, లోకం పుట్టకముందటి పేర్లూ కిన్నెర మీద చెబుతూనే ఉన్నాడు. భాష కూడా మన భాషే, తెలుగే. అర్థం కాలేదని తప్పించుకోవడానికి లేదు. లోపలున్నవాళ్ళే ఇంకా జవాబు చెప్పలేదు.